కాకి పట్టుబట్టిన బొట్లబెండ

"ఇంటికి పోతున్నవ్ గదా, నా చెట్లను జెర సూసి రా."

"నిన్ను సూస్తందుకే నాకు పొద్దు సాల్తలేదు. నీ పిచ్చిచెట్లను ఎవలు సూడాలె?"

మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవి. కామారెడ్డి దవాఖానలో మంచం మీద ఆయన, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని తలుపు దగ్గర నేను. నా జవాబుకు ఆయన నవ్వీ నవ్వనట్టు మూతి తిప్పాడు. బస్సెక్కి ఇంటికొచ్చి, స్నానం చేసి, మళ్లీ అన్నం కట్టుకుంటుంటే కొడుకు ఫోన్ చేశాడు. చివరి మాట కాస్త మంచిమాట అయి ఉంటే బాగుండేదని చుట్టాలు ఇప్పటికీ అంటారు. మా సంసారంలో మంచిమాటలు చెప్పుకున్నది తక్కువ, ఎక్కిరించుకున్నది ఎక్కువ. ఆ రోజు నేను కొత్తగా మంచిమాట చెప్పి ఉంటే ఆయన భయపడి ఉండేవాడు.

ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తున్నది. నాకు సంతకం వచ్చు. బస్సు బోర్డు మీద కామారెడ్డి ఏదో, ఎల్లారెడ్డి ఏదో గుర్తుపట్టడం వచ్చు. అంతకు మించి అక్షరాలతో నాకు పని పడలేదు. నా గొంతు గరుకు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి మక్కచేనులో చిలకలను తోలి తోలి అట్లా అయింది. "నీకు వడిసెల ఎందుకే, ఒక్క కేక ఎయ్, చిలుకలు మద్నూరు దాటిపోయి మరాఠోళ్ల చేన్ల దిగుతయ్" అనేవాడు మా ఆయన. ఆ గరుకు గొంతుతో నేను చెప్పినదాన్ని కోడలు కడిగి, పిండి, ఆరేసి పుస్తకం భాషలో పెడుతున్నది. పెట్టుకోనీ. మనుషులు అన్న మాటలను మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమని చెప్పాను.

ఆయన పిచ్చిచెట్లంటే బొట్లబెండ. పేరు తెలియని వాళ్లు కూడా చెట్టును చూసే ఉంటారు. దారి పక్కన, పెంటకుప్పల మీద, పాత గోడల పగుళ్లలో, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా నడుమెత్తు పెరుగుతుంది. ఆకు చూడటానికి తమలపాకు తీరుగా ఉంటుంది. ముట్టుకుంటే దూడ చెవిలా మెత్తగా ఉంటుంది. పొద్దు వాలే వేళకు పసుపుపచ్చ పువ్వు విప్పుతుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పండ్లు పండ్లుగా, చిన్న బండిచక్రంలా ఉంటుంది. పిల్లలు ఆ కాయను సున్నంలో అద్ది చేతుల మీద బొట్లు వేసుకుంటారు. పేరు అందుకే వచ్చింది.

పిల్లలు వేసుకుంటే సరే. మా ఆయన పెండ్లయ్యాక కూడా మానలేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, పండుగకు గోడలన్నీ ఎర్రమట్టితో అలికి, చేతులు కడుక్కుని వచ్చేసరికి వాకిలి చుట్టూ తెల్లటి చక్రాల బొట్లు వరుసగా ఉన్నాయి. సున్నం డబ్బా పట్టుకుని ఆయన, ఏమీ తెలియని వాడిలా. పొద్దంతా చేసిన పని పాడుచేశాడని నేను తిట్టని తిట్టు లేదు. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లు వచ్చి, కొత్త కోడలు పనిమంతురాలు, వాకిలికి పూలు దిద్దిందని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. ఆయన గడప మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఆ చూపుకు నేను పొయ్యి దగ్గరికి పారిపోయాను.

మా ఇద్దరి మధ్య ఇంకొక పేచీ ఉండేది. నేను పుట్టింది నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం నీళ్ల కింద. అన్నీ తరి పొలాలే, వరి తప్ప ఇంకొక పంట ఎరగం. కాలువ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయనది రాజంపేట వైపు ఎర్ర చెల్క. మొగులు చూసి బతికే మెట్ట రైతు. నేను ఏ చెట్టు దగ్గర చెంబు వంచినా, "తరి పిల్ల మొదలువెట్టింది, ఇగ అన్ని మునుగుతయ్" అనేవాడు. మీ ఊళ్లో మనుషులు కూడా నీళ్లు లేక ముడుచుకుపోయి ఉంటారని నేను అనేదాన్ని.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు, చేను గెట్ల మీద గడ్డిమందు కొట్టడం మొదలైనప్పుడు, ఊళ్లో బొట్లబెండ కనబడకుండా పోయింది. అప్పుడు ఆయన ఎక్కడి నుంచో కొన్ని మొక్కలు తెచ్చి పశువుల కొట్టం గోడ పక్కన పెట్టాడు. బంతి పెట్టరాదా, మల్లె పెట్టరాదా, పీకి పారేసే చెట్టును తెచ్చి పెట్టేవాడు ఉంటాడా అని నేను. వాటికి ఆయన చేసింది ఏమీ లేదు. సాయంత్రం కొట్టం అరుగు మీద కూర్చుని పూలు విప్పుతుంటే చూసేవాడు, అంతే.

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. మా వైపు పద్ధతి అది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలి ఉందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని నలుగురి ముందు మాటివ్వాలి. కాకి దిగే వరకు ఇంట్లో ఎవరికీ అన్నం లేదు.

కోడికూర, గారెలు, దొప్పలో కల్లు, అన్నీ పెట్టాం. కాకులు వేపచెట్టు మీద వచ్చి కూర్చున్నాయి గానీ దిగలేదు. ముందుగా మా కొడుకు కదిలాడు. "బాపూ, చేన్ల బోరేపిస్త" అన్నాడు. కాకి రెక్క దువ్వుకుంది. తర్వాత మా మరిది ముందుకొచ్చి, ఏండ్ల నాటి గెట్టు పంచాయితీ వదులుకుంటున్నానని, ఆ జాగా అన్న కొడుక్కేనని చెప్పాడు. జనమంతా మెచ్చుకున్నారు. కాకి మెచ్చలేదు. నలుగురిలో అనేసిన మాట వెనక్కి తీసుకోలేక మరిది మొహం చూడాలి అప్పుడు. ఎండ ముదిరింది. పిల్లలు గారెల వాసనకు గునుస్తున్నారు. అందరూ నా వైపు చూశారు. దవాఖానలో ఆయన అడిగిందీ, దానికి నేను అన్నదీ అప్పటికి మా ఇద్దరికే తెలుసు.

"ఓ అయ్యా, నీ బొట్లబెండ చెట్లను నేను సూసుకుంట" అన్నాను. "సావనియ్య. ఇగ దిగు, పిలగాండ్లు ఆకలితోటి ఉన్నరు."

మాట ఇంకా గొంతులోనే ఉంది, కాకి దిగింది. అన్నం జోలికి పోలేదు. కోడికాలు ఎత్తుకుని పోయింది. వెనక ఎవరో ముసలామె, "బోరొద్దన్నడు, జాగ వద్దన్నడు, పెండ్లాం మెడకు పిచ్చిచెట్టు గట్టి పోయిండు" అన్నది. నవ్వరాని చోట నవ్వొచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని ఇద్దరు పట్టుకున్నారు. కాసేపటికి అది నిజమే అయింది.

అట్లా నేను ఆ చెట్లకు కట్టుబడ్డాను. బతికున్నప్పుడు ఆయనకు అన్నం వండాను, బట్టలు ఉతికాను, జ్వరమొస్తే కూర్చున్నాను. ఇప్పుడు ఆయన కోసం నేను చేయగలిగిన పని లోకంలో ఇదొక్కటే మిగిలింది. అది కూడా చేయలేకపోతే ఆయనకు నాతో పనే లేనట్టు. నవ్వులాట మాటే గానీ, నాకు అది నవ్వులాట కాలేదు.

చూసుకోవడం అంటే వరి పిల్లకు ఏం తెలుస్తుంది? నీళ్లు. ఎండాకాలం మొదలు కాగానే చెట్ల చుట్టూ నారుమడికి పోసినట్టు ఒడ్డు పోశాను. పొద్దున బిందె, సాయంత్రం బిందె. మా ఊళ్లో నారు నీరసంగా ఉంటే యూరియా చల్లేవాళ్లం, ఇక్కడా పిడికెడు చల్లాను. చెట్లు చూస్తుండగానే లేచాయి. ఆకులు టేకు ఆకులంత అయ్యాయి. వాడకట్టు వాళ్లు వచ్చి చూసి పోయారు. నేను కొంగు బిగించి, ఇంకొక బిందె తెచ్చాను. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. మా కొడుకు చేనుకు పోతూ పోతూ ఆ మడి చూసి, "అవ్వా, నాటెప్పుడేస్తున్నవ్? కూలోళ్లకు చెప్పాల్నా?" అని అడిగాడు. వాడిది తండ్రి నోరే.

తొలకరికి ముందు ఆకులు వేలాడటం మొదలైంది. దాహమనుకుని నీళ్లు పెంచాను. మొదళ్లు నల్లబడ్డాయి. ఒకరోజు పొద్దున చూస్తే చెట్లన్నీ ఒక వైపుకు వాలిపోయి ఉన్నాయి. పట్టుకుంటే వేరుతో సహా చేతిలోకి వచ్చాయి, కుళ్లిన వాసనతో. ఎండను, కరువును, గోడ పగులును తట్టుకున్న చెట్టు నా ప్రేమను తట్టుకోలేకపోయింది. కోడలు చీపురు తెచ్చి ఆ చోటు ఊడ్చి, నాకు చాయ్ పెట్టి ఇచ్చింది. ఆ చాయ్ నాకు దిగలేదు. అందరి ముందు "సావనియ్య" అన్నాను. మూడు నెలలు గడవకుండా నా చేతులతోనే చంపాను.

ఇక మళ్లీ పెంచడం తప్ప దారి లేదు. వానాకాలమంతా వెతికాను. ఊరి పెంటకుప్పల మీద తిరిగాను. గెట్ల మీద గడ్డిమందు కొట్టిన పసుపు మచ్చలే కనిపించాయి. కామారెడ్డి పోయి మూలికలు అమ్మే దుకాణంలో అడిగితే అతను పొడి పొట్లం తీసి ముందు పెట్టాడు. చెట్టు కావాలంటే, "ఇదే చెట్టు అవ్వా, ఎండవెట్టి దంచినం" అన్నాడు. చంపి దంచడం నాకూ చేతనవును బిడ్డా, బతికింది కావాలి అని చెప్పి వచ్చాను.

కార్తీకంలో పుట్టింటికి పోయాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు ఇప్పుడు. అందుకే ఊరికే తిరుగుతున్నానని కండక్టర్లకు నా మీద అనుమానం. పుట్టింట్లో మా అన్న లేడు, వదిన ఉంది. నా కంటే పెద్దది, నా కంటే నోరు ఎక్కువ. నేను వచ్చిన పని విని వదిన నమ్మలేదు. వరి మడుల మధ్య ఎండకు బతికే చెట్టును వెతకడానికి వచ్చావా, మీ ఆయన పోతూ పోతూ నీ తెలివి కూడా పట్టుకుపోయాడా అన్నది. అయినా నాతో పాటు గట్లన్నీ తిరిగింది. దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో వదిన నన్ను కామారెడ్డి బస్సు ఎక్కించడానికి ఎల్లారెడ్డి దాకా వచ్చింది. బస్సు ఆలస్యమైంది. కాళ్లు చాపుకుందామని బస్టాండు వెనక గోడ నీడకు పోతే, అక్కడ ఉంది. చాయ్ కప్పులు, అరటి తొక్కలు, విరిగిన పెంకు బిళ్లల మధ్య ఇంతెత్తున నిలబడి ఉంది. ఎవరు పెట్టారు, ఎవరు చూసుకున్నారు? కాయలు ఎండి నల్లగా గలగలమంటున్నాయి.  వదిన ముందుకు పోయి కాయలు తెంపడం మొదలుపెట్టింది. పిడికెడు తెంపి, నా వైపు తిరిగి, "కొంగు వట్టు" అన్నది.

మా వైపు ఆడబిడ్డకు పుట్టింటి వాళ్లు ఒడిబియ్యం పోస్తారు. మొగుడున్న వాళ్లకే. ఆయన పోయాక నాకు ఆ ముచ్చట తీరిపోయింది. దాని మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"బియ్యం పోసే రోజులు పొయ్యినయ్" అన్నది వదిన. "గివన్న పోస్త. పుట్టింటోళ్లు ఉత్త చేతులతోని పంపిన్రంటె మా ఇజ్జతేం గావాలె?"

నేను కొంగు చాపాను. గలగలా పోసింది. ఒకసారి కాదు, ఒడిబియ్యం పోసినట్టే మళ్లీ మళ్లీ పోసింది. అక్కడ కూర్చున్న వాళ్లు మమ్మల్ని చూసి, ఇద్దరు ముసలివాళ్లకూ పిచ్చి లేచిందనుకున్నారు. బస్సు వచ్చింది. కొంగు ముడి వేసుకుని ఎక్కాను. వదిన కిటికీ దగ్గరికి వచ్చి, ఇవి కూడా చంపితే మళ్లీ రాకు, మాకు ఒక్కటే బస్టాండు ఉందని చెప్పి పంపింది.

ముసురు పట్టి నాలుగు చినుకులు పడ్డ రోజు గింజలు చల్లాను. ఈసారి కొట్టం గోడకూ దారి రాళ్లకూ మధ్య, గరిక కూడా రానని మొండికేసే గట్టి నేలలో. మొలిచే వరకు పొద్దున కాసిన్ని చిలకరించాను. మొలకలు కనబడగానే మా కోడలు వచ్చి నా చేతిలోని చెంబు తీసుకుంది. "మొలిచేదాంక మీరు సూసిన్రు అత్తమ్మా, ఇగ నేను సూస్త" అన్నది. తను చూడటం అంటే నన్ను చూడటం. బిందె ఎటు పోతే దాని కన్ను అటు. ఒకరోజు బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితిలో పోయడానికి పోతున్నట్టు పోయి, మొక్కల దగ్గర కాస్త వంచాను. సాయంత్రానికి పట్టేసింది. "మన్ను తెల్లగయింది. బర్రె ఈడిదాంక అచ్చి తాగిందా అత్తమ్మా?" అని అడిగింది. బర్రెలకు ఏమన్నా చెప్పగలమా అన్నాను.

చలికాలం దాటేసరికి మూడు మొక్కలు నిలిచాయి. పొట్టిగా, గట్టిగా, బూడిదరంగు ఆకులతో. టేకు ఆకుల్లా లేవు. పెద్ద దానికి మొగ్గ పడింది. ఆ తర్వాత ఎండలు వచ్చాయి. పోయిన ఏటి కంటే ముదురు ఎండలు. చిన్న మొక్కల కింది ఆకులు పసుపెక్కి రాలిపోయాయి.  కోడలు దగ్గర ఉన్నంత కాలం నీళ్లు పోయనివ్వని కోపం దాని మీద చూపించి పొద్దు గడిపాను.

ఒకరోజు కోడలు తల్లిగారింటికి పోయింది. కొడుకు చేనులో ఉన్నాడు. మధ్యాహ్నం కొట్టం వైపు పోయి చూస్తే మూడు చెట్లూ ఆకులు కిందికి వేలాడేసి ఉన్నాయి, వానలో తడిసిన కోడి రెక్కల్లాగా. మొగ్గ కూడా తల వంచింది. పోయిన ఏడు చచ్చే ముందు అవి ఇట్లాగే ఉన్నాయి.  కడవలో చెంబు ముంచుకుని వచ్చాను. వచ్చి, పోయలేక, కోడలికి ఫోన్ చేశాను. ఆకులు వేలాడుతున్నాయి, చస్తున్నాయి, పోస్తున్నాను అని చెప్పాను. పోయకు అంటుంది, దాన్ని తిట్టి పోయవచ్చు అనుకున్నాను.

 కోడలు మాత్రం, "మీ ఇష్టం అత్తమ్మా. మీ మొగడు, మీ చెట్టు" అన్నది.

ఫోన్ పెట్టేశాను. వద్దంటే పోసేదాన్ని. ఇష్టమనే సరికి చెయ్యి ఆగింది. ఇంతకాలం ఆపేవాళ్లు ఒకరుండేవాళ్లు. ముందు ఆయన, తర్వాత కోడలు. నేను నా అంతట నేను చెంబు ఆపింది ఎన్నడూ లేదు. అరుగు మీద కూర్చున్నాను. చెట్టు కింద మన్ను గీకి చూశాను, పై పొర పెంకులా ఉంది. దాని వేరు ఎంత లోతుకు పోయిందో నాకు కనబడదు. కనబడని దాన్ని నమ్మడం కాలువ కింద పెరిగిన మనిషికి కష్టం. మాకు నీళ్లు ఎప్పుడూ కంటి ముందే పారేవి. చెట్టు వేలాడుతున్నది. నేను చూస్తున్నాను. చెంబులో నీళ్లు వేడెక్కుతున్నాయి. పోస్తే నా భయం తీరుతుంది. చెట్టుకు ఏమవుతుందో పోయిన ఏడే చూశాను. చివరికి ఆ నీళ్లు నేనే గటగటా తాగేశాను. చేతిలో ఉంటే పోయక మాననని తెలుసు.

తాగి, అక్కడే కొంగు పరుచుకుని ఒరిగాను. కొట్టం నీడ జరిగి చెట్ల మీదికి వచ్చింది. లేచి చూసేసరికి ఆకులు ఒక్కొక్కటే లేస్తున్నాయి, ఏమీ జరగనట్టు. ఎండకు ఒళ్లు దాచుకోవడం దాని పద్ధతి అట. నా ప్రాణం తీసి అది నిద్ర తీసింది. ఇంకాస్త సేపటికి పెద్ద చెట్టు మొగ్గ విప్పింది. పసుపు ముద్దలాంటి ఒకే ఒక్క పువ్వు. కొడుకు చేను నుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.  పువ్వును చూసి, "ఇంత దానికి బాపు గంత లొల్లి వెట్టిండా" అన్నాడు. అవునన్నాను.

వానలు పడ్డాయి. మూడూ ఉన్నాయి. వాడకట్టులో వాటికి కొత్తగా గౌరవం వచ్చింది, పీకితే నేను అరుస్తానని. ఇంతకు మించి చెప్పేది ఏమీ లేదు. కోడలు కలం ఆపి నన్నే చూస్తున్నది, దానికి వేళ్లు నొప్పి పుట్టినట్టున్నాయి.

ఏదీ, ఇగ మొదటికెల్లి సదువు బిడ్డా. జెర నిమ్మలంగ సదువు. నేను ఆయనను తిట్టిన కాడ మాత్రం గొంతు పెద్దగ జెయ్.